సాక్షి సంతకం

పక్షవాతంతో మంచాన పడ్డ ప్రసూనాంబ టీచరు గారికి పొద్దున్నే జావ తాగించేది కృపాజ్యోతే. జగ్గయ్యపేటలో ఆవిడ ఇంటి పై వాటాలో అద్దెకుంటోంది. ఆ రోజు గిన్నె పట్టుకుని కిందికి దిగేసరికి టీచరు గారి మేనల్లుడు పార్థసారథి గదిలో ఉన్నాడు. నందిగామ నుంచి కారులో వచ్చాడు. అతని డ్రైవరు వెంకట్ గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

"మంచి టైముకొచ్చారండీ. అత్తయ్య ఈ ఇల్లు నా పేర వీలునామా రాస్తోంది. వెంకట్ ఒక సాక్షి, మీరు రెండో సాక్షి."

టీచరు గారికి మాట పడిపోయింది గాని మతి పోలేదు. ఇల్లు తన చెల్లెలి కూతురు సంహితకేనని, మాట ఉన్నప్పుడు ఆవిడ కృపాజ్యోతితో ఎన్నిసార్లు చెప్పలేదు!

పార్థసారథి వంగి ఆవిడ ఎడమచెయ్యి పట్టుకున్నాడు. ఆవిడ చెయ్యి లాక్కుని పిడికిలి బిగించింది. అతను ఒక్కో వేలూ విప్పదీసి, బొటనవేలికి సిరా అద్ది కాగితం మీద నొక్కాడు. ఆవిడ గొంతులోంచి సన్నగా మూలుగు వచ్చింది.

"ఇక మీదే ఆలస్యం," అంటూ పెన్ను అందించాడు.

"మా ఆయన్నడిగి..."

"బెన్నినా? ముక్త్యాలలో అతన్ని పనిలో పెట్టుకున్న కాంట్రాక్టరు నా మనిషేనండీ. అన్నట్టు, మీ పాప బడికి ఒక్కతే వెళ్తుందటగా?"

వెంకట్ తలుపు దగ్గరగా వేశాడు.

చర్చిలో లేచి సాక్ష్యం చెప్పడం చిన్నప్పటి నుంచీ ఎరిగిన ఆమె, సాక్షి అన్న మాటెలా పుట్టిందని ఒకప్పుడు టీచరు గారినే అడిగింది. "అక్షి అంటే కన్నమ్మా. కళ్ళారా చూసినవాడే సాక్షి. చూడకుండా సంతకం పెట్టేవాడికి ఆ పేరెక్కడిది?" అన్నదావిడ.

ఇప్పుడు తను చూసింది. చూడకపోయినా బాగుండేదనిపించింది. మంచం మీంచి ఆవిడ కళ్ళు తననే చూస్తున్నాయి.

పెన్ను తీసుకుంది. వంకర టింకరగా రాసింది: 'టీచరు గారు చెయ్యి లాక్కుంటున్నా బలవంతంగా వేలిముద్ర వేయించడం చూశాను.' కింద సంతకం పెట్టింది.

సంతకానికి ఇంతసేపేమిటని పార్థసారథి కాగితం లాక్కుని చదివాడు. మొహం నల్లబడింది.

"ఎంత పని చేశావే!" అంటూ చెయ్యెత్తాడు.

కృపాజ్యోతి గావుకేక పెట్టింది. ఎదురింటి బసవమ్మ పరుగున వచ్చి, అడ్డున్న వెంకట్‌తో పాటు తలుపును నెట్టేసింది. ఆవిడ వెనకాల మరో నలుగురు చేరారు. పార్థసారథి కాగితాన్ని ముక్కలు చేసి జేబులో కుక్కుకున్నాడు. "నీ సంగతి చూస్తా," అని కారెక్కాడు.

కృపాజ్యోతి ఫోను చేయగానే సంహిత విజయవాడ నుంచి వచ్చింది. బసవమ్మను కూడా తీసుకుని ముగ్గురూ పోలీసు స్టేషనుకెళ్ళి ఫిర్యాదు ఇచ్చారు. పార్థసారథి మళ్ళీ ఆ గడప తొక్కలేదు. కానీ వారం తిరక్కుండానే బెన్నిని పనిలోంచి తీసేశారు. అతను చందర్లపాడులో పొలం పనులు వెతుక్కున్నాడు.

"ఆ ఇద్దరి ముందు నీకు భయమెయ్యలేదా?" అనడిగాడొకనాడు.

"ఇప్పటికీ వేస్తోంది," అంది కృపాజ్యోతి. వీధిలో కారు ఆగిన చప్పుడైతే కిటికీలోంచి తొంగి చూసింది. ఎవరో కొత్తవాళ్ళు. పాప చెయ్యి గట్టిగా పట్టుకుని బడికి బయల్దేరింది.