ఒంటిచెట్టు కల్లుకు సంతకం

కోరుట్లలో నర్సింగ్‌హోమ్ నడిపే సంజీవ్ డాక్టరు, కిడ్నీలో రాయితో మెలికలు తిరుగుతూ, పొద్దున్నే కొడిమ్యాల ఈతవనానికి వచ్చాడు. లోకానికంతా మందులు రాసే దేవుడికి నొప్పి పుడితే కల్లు గీసే గౌండ్ల హన్మండ్లే దిక్కయ్యాడు. రాళ్ల జబ్బుకు ఒంటిచెట్టు కల్లు మంచిదని ఎవరో చెప్పారట. వేరే చెట్ల కల్లు కలపకుండా ఒక్క చెట్టుదే దించి ఇవ్వాలి.

హన్మండ్లు మోకు వేసుకుని చెట్టెక్కి కల్లు నిండిన లొట్టి దించాడు. డాక్టరు చెయ్యి చాపితే, లొట్టి బదులు కాగితం పెట్టాడు. ముందురోజు డాక్టరు ఫోన్ చేయగానే బిడ్డ దీపతో రాయించి ఉంచిందే అది.

“ఈ కల్లు తాగి ఏమైనా అయితే హన్మండ్లు బాధ్యుడు కాడు” అని చదివి డాక్టరు నవ్వాడు. “ఏం కలిపినవో ఏమో, తెల్వకుంట ఎట్ల సంతకం పెట్టాలె?”

“మా సమ్మవ్వ గట్ల అడగలే సారూ. వేలుముద్ర ఏసింది.”

డాక్టరు నవ్వు ఆగింది. కరోనా రెండోసారి వచ్చినప్పుడు హన్మండ్లు భార్య సమ్మవ్వ ఆయన దవాఖానలోనే, ఆక్సిజన్ పెట్టిన మంచం మీదే పోయింది. జబ్బు చంపిందా, సిలిండర్ అయిపోయిందా? అడిగితే “ఎమర్జెన్సీ టైం” అని, ఏమైనా అయితే దవాఖాన బాధ్యత కాదన్న కాగితం మీద చేర్చుకునేటప్పుడు వేయించుకున్న ఆ వేలుముద్ర చూపించారు. జగిత్యాలలో వకీలు రజిత దగ్గరికి పోతే ఆమె తల అడ్డంగా ఊపింది.

“మంచి మనసుతోని చేసినమంటే కేసు నిలువది కాకా. గా టైంల చట్టమే దవాఖానలకు గొడుగు పట్టింది.”

“మరి తడిసింది మా ఆమెనాయె బిడ్డా” అని వచ్చేశాడు.

ఇప్పుడు లొట్టి చంకలో పెట్టుకుని అడిగాడు. “కేసు లేదు, కోర్టు లేదు. సిలిండర్ల గాలి ఉండెనా, లేకుండెనా?”

తనదాకా వస్తే గానీ తెలియదంటారు. డాక్టరు నడుము పట్టుకుని ఈతచెట్టుకు ఆనుకున్నాడు.

“ఖాళీ అయింది. ఎవ్వలం చూడలే.”

హన్మండ్లుకు కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇన్నేళ్లూ ఆ ఒక్క మాట కోసమే తిరిగాడు.

“నలభై చెట్లెక్కుత సారూ. ఏ లొట్టి ఎప్పుడు నిండుతదో నాకెరికే. మీ దవాఖానల ఉన్నయే ఏడు సిలిండర్లు, గవి చూడలేకపోతిరి.”

కాగితం చింపి పారేశాడు. మొదటి గ్లాసు తానే తాగి, రెండోది నింపి డాక్టరు చేతికిచ్చాడు.

“తాగుండ్రి. ఏమన్నైతే నాదే పూచీ. మా ఇల్లు గా సందు చివర్నే, అచ్చి అడుగుండ్రి.”