తీసేసిన అనుమతి

ఆసుపత్రి యాప్ తెరుచుకునేలోపు ఒక కునుకు తీసి రావచ్చని ఆడపడుచు ఎప్పుడూ దెప్పుతుండేది. ఆమె అక్కడే వార్డు నర్సు. ఆ యాప్ రాసే బృందంలో పనిచేసే వదిన నవ్వేసి ఊరుకునేది గానీ, లోపల చురుక్కుమనేది.

చివరకు ఆ ఆలస్యానికి మందు వదినే కనిపెట్టింది. రోగి వివరాలు ఎవరు తెరిచినా, డాక్టరైనా, రోగి ఒప్పుకున్న ఇంటివాళ్లైనా, వాళ్లకు అనుమతి ఉందో లేదో యాప్ ప్రతిసారీ మొదటి నుంచీ వెతికేది. ఆలస్యమంతా అక్కడే. ఒకసారి వచ్చిన జవాబును గంటసేపు దాచుకుని, మళ్లీ అడిగితే అదే చెప్పేలా ఆమె క్యాష్ అనే తాత్కాలిక నిల్వ ఒకటి పెట్టింది. యాప్ పరుగందుకుంది. "మా ఆఫీసులో క్యాష్‌కి కొదవ లేదంటే మా ఆవిడ నమ్మట్లేదు" అని టీమ్ లీడ్ నవ్వించాడు.

కొన్ని వారాల తర్వాత ఒక మధ్యాహ్నం ఆడపడుచు ఫోన్ చేసింది. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతోంది.

"వదినా, మా వార్డులో ఒకావిడ ఉంది. మొగుడు చెయ్యి విరగ్గొట్టాడు. తన వివరాలు అతనికి కనిపించకూడదని పొద్దున్నే యాప్‌లో అనుమతి తీసేసింది, నేను పక్కనే ఉన్నా. ఆ తర్వాతే పై అంతస్తుకి మార్చాం. ఇప్పుడు వాడు ఫోన్ చేసి, పై గదికి ఎందుకు మార్చారని నన్నే గద్దిస్తున్నాడు. వాడికెలా తెలిసింది?"

వదిన వెంటనే లాప్‌టాప్ తెరిచింది. "ముందు ఆవిడని ఇంకో గదికి మార్చు. ఆ గది యాప్‌లో ఎక్కించకు."

"ఎప్పుడో మార్చేశా. గుమ్మం దగ్గర సెక్యూరిటీని కూడా పెట్టించా. నువ్వు నీ పని చూడు."

చూస్తే సంగతి బయటపడింది. క్యాష్‌లో ఆ భర్త పేరు మీద పాత 'ఔను' అలాగే ఉంది. గంట దాటితే పోవాల్సిందే. కానీ ఎవరైనా తెరిచిన ప్రతిసారీ ఆ గంట మళ్లీ మొదలయ్యేలా ఉంది. అతను పొద్దుటి నుంచీ వదలకుండా తెరుస్తూనే ఉన్నాడు.

ఆమె టీమ్ లీడ్ దగ్గరికి పరుగెత్తింది. "సార్, క్యాష్ మొత్తం ఖాళీ చేసేస్తాను. ఆసుపత్రి అంతా యాప్ మెల్లబడుతుంది."

ఆయన కారణం విన్నాడు. ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. "చేసెయ్యమ్మా. తిట్లేమైనా వస్తే నేను తింటాను."

ఖాళీ చేసింది. నిజంగానే ఫోన్లు గోలపెట్టాయి. ఆయన ఒక్కొక్కటే ఎత్తి ఓపిగ్గా సర్దిచెబుతూ ఉంటే, భర్త మళ్లీ తెరవడం, ఈసారి 'అనుమతి లేదు' అని రావడం ఆమె తెరపై చూసింది. సాయంత్రంలోపు సరైన మరమ్మతు కూడా పూర్తయింది: అనుమతి మారిన క్షణమే పాత జవాబు చెరిగిపోతుంది. గది వివరం విషయంలో మాత్రం యాప్ ఇక క్యాష్‌ను నమ్మదు, అనుమతి ఉందో లేదో ప్రతిసారీ కొత్తగా వెతుకుతుంది.

మర్నాడు ఆ రోగిని ఆమె అన్నయ్య వచ్చి తీసుకెళ్లాడు. భర్త ఆసుపత్రికి వచ్చాడు గానీ, యాప్‌లో చూసిన పై గదిలో ఖాళీ మంచాన్ని చూసి కేకలేస్తుండగా, సెక్యూరిటీ పిలిచిన పోలీసులు పట్టుకెళ్లారు.

ఆదివారం వదిన ఆడపడుచు ఇంటికి వెళ్లింది. గుమ్మంలోనే ఆమె చేతులు పట్టుకుంది.

"నువ్వు ఫోన్ చెయ్యకపోయుంటే..." అంది.

"నువ్వు నమ్మకపోయుంటే?" అంది ఆడపడుచు. "ఇంకొకరైతే మా సిస్టమ్‌లో తప్పేం లేదని ఫోన్ పెట్టేసేవాళ్లు. ఆ పేషెంట్ వెళ్లేటప్పుడు అడిగింది, నాతో ఫోన్‌లో మాట్లాడినావిడ ఎవరని. మా వదిన అని చెప్పా. అబ్బ, ఎంత గొప్పగా అనిపించిందో!"

వదినకు కళ్లు నిండాయి. ఆడపడుచు ఆమె సంచీ అందుకుని, "లోపలికి రా, అన్నం చల్లారిపోతోంది" అంటూ భుజం మీద చెయ్యేసి నడిపించింది.