ఖాళీగా చూడకూడని తరాజు

నేను ఒక తరాజును. కోపంగా ఉన్నాను. గుండ్లగుట్ట పెద్దమ్మ గుడికి వచ్చేవాళ్లంతా నన్ను అద్దాల పెట్టెలో చూసి చెంపలేసుకుంటారు, చుట్టూ తిరుగుతారు, అద్దానికి పసుపు పూస్తారు. నా మాట మాత్రం ఒక్కరూ అడగరు. అడక్కపోయినా చెబుతాను, విని పోండి. చెప్పేదాంట్లో కాస్త ఎక్కువతక్కువలుంటే సర్దుకోండి. ఏళ్ల తరబడి నాతో తప్పుడు తూకం వేయించారు, ఆ రోగం మాటకూ అంటుకుంది.

నన్ను చేసినవాడు కమ్మరి ఈరాచారి. కూలిపోయిన రైలు వంతెన ఇనుము తెచ్చి నా దండె సాగగొట్టాడు. ఆ సుత్తి దెబ్బలకు ఊళ్లో కోళ్లు మూడు రోజులు గుడ్లు పెట్టడం మరిచిపోయాయి. పని అయ్యాక నన్ను వేపకొమ్మకు వేలాడదీసి, అటు ఒక ఈక, ఇటు ఒక ఈక పెట్టి చూశాడు. ముల్లు నిటారుగా నిలబడింది. ఇంతలో ఒక ఈక మీద ఈగ వాలింది. అంతే, అటు దిగిపోయాను. ఆ ఈగ పొద్దున ఏమన్నా తిన్నదో లేదో కూడా చెప్పగలిగేదాన్ని!

మొదట మిరపకాయల మండీలో వేలాడాను. అక్కడి సేటు తూచేటప్పుడు పళ్లేనికి చిటికెనవేలు ఆనించేవాడు. ఆనించినప్పుడల్లా నేను ఒక్క ఊపు ఊగి వాడి కళ్లలో మిరపపొడి కొట్టేదాన్ని. ఏడాది తిరిగేసరికి సేటుకు చూపు మందగించి భక్తి ముదిరింది. కళ్లు బాగైతే నన్ను అమ్మకు సమర్పిస్తానని మొక్కుకున్నాడు, బాగయ్యాయి, ఇచ్చేశాడు. వేలు మాత్రం తన దగ్గరే ఉంచుకున్నాడు.

గుడిలో పని చూసి మురిసిపోయాను. మా గుట్ట మీద అమ్మకిచ్చే బెల్లాన్ని బెల్లం అనరు, బంగారం అంటారు. బిడ్డ బతికితే, బర్రె ఈనితే, కోర్టులో కేసు గెలిస్తే మనిషెత్తు బంగారం ఇస్తామని మొక్కుతారు. మొక్కు ఉన్న మనిషి నా ఎడమ పళ్లెంలో కూర్చోవాలి, కుడి పళ్లెంలో బెల్లం దిమ్మెలు పేర్చాలి. ఒకసారి ఒక సర్పంచి కూర్చుంటే గుడి స్తంభాలు మూడంగుళాలు భూమిలోకి దిగాయి. కూర్చుని తను ఊరికి చేసిన మంచిపనులు చెప్పడం మొదలుపెట్టాడు. చెప్పేకొద్దీ దూదిపింజలా పైకి లేచాడు. అంత నిక్కచ్చి తూకం నాది.

అప్పుడు దిగాడు బుచ్చిలింగం. తూకం కాంట్రాక్టు వాడిదే, గుడి ముందు బెల్లం దుకాణమూ వాడిదే. వచ్చిన వారానికే నా ఎడమ పళ్లెం అడుగున, ఇత్తడి తామరపువ్వు చాటున, నాలుగు కిలోల సీసం బిళ్ల బిగించాడు. ఇక ఎవరు కూర్చున్నా నాలుగు కిలోలు ఎక్కువ తూగాల్సిందే. ఇంటి నుంచి సరిగ్గా తూచి తెచ్చుకున్నవాళ్లకు కూడా తక్కువపడేది. తక్కువపడ్డది వాడి దుకాణంలో కొనాలి. అమ్మకిచ్చిన దిమ్మె వెనక తలుపు నుంచి మళ్లీ దుకాణానికి వచ్చేది. ఒక దిమ్మె అలా ఏడుసార్లు తిరిగింది. ఎనిమిదోసారి దారి తెలిసి దానంతటదే నడిచి వెళ్లింది.

అయితే వాడికో చిక్కు వచ్చింది. ఖాళీగా ఉంటే నేను ఎడమకు వాలిపోతాను కదా, గుట్టు బయటపడదూ? అందుకని వాడు ఒక ఆచారం పుట్టించాడు. ఖాళీ తరాజు అమ్మ కంటపడకూడదట, పడితే ఊరికి కరువట. కాబట్టి ఎప్పుడూ నా కుడి పళ్లెంలో 'అమ్మ దిమ్మె' అని ఒకటి ఉంచేవాడు. బరువు ఎంతో మీకు చెప్పక్కర్లేదు. అది ఉన్నంతసేపు నేను బుద్ధిగా సమంగా ఉంటాను. మనిషి కూర్చోగానే దిమ్మె తీసి పక్కన పెట్టేవాడు.

రెండేళ్లు గడిచాయి. ఒకరోజు వరుసలో నిలబడ్డ తలపాగా ముసలాయన పక్కవాడితో అంటున్నాడు:

"మా తాత చెప్పెటోడు. ఆయన తాతల నాడు గూడ గిదే ఆచారమట. ఖాళీ తరాజు సూస్తె అమ్మకు కండ్లెర్రగైతయి."

నేను ఈ గుడికి వచ్చిందే ఆయన పెళ్లయిన పదేళ్లకు! నా గొలుసులు కోపంతో గలగలలాడాయి. గాలికనుకున్నారు.

ఒక శుక్రవారం పొద్దున సాయవ్వ వచ్చింది. చేపలమ్మే మనిషి. నెత్తిన ముప్ఫయ్యొక్క కిలోల బెల్లం సంచి, పక్కన పదకొండేళ్ల కూతురు రవళి. కిందటి వానాకాలం ఆ పిల్లకు విషజ్వరం వచ్చి, పెద్దాసుపత్రి వాళ్లు కూడా పెదవి విరిస్తే, పిల్ల బతికితే మనిషెత్తు బంగారం ఇస్తానని సాయవ్వ మొక్కింది. పిల్ల బతికింది. తన చేపల కాంటా మీద మూడుసార్లు పిల్లను తూచి, మూడుసార్లు బెల్లాన్ని తూచి మెట్లెక్కి వచ్చింది.

రవళి ఎడమ పళ్లెంలో కూర్చుంది. బుచ్చిలింగం అమ్మ దిమ్మె తీసి పక్కన పెట్టాడు. సాయవ్వ సంచి అంతా కుడి పళ్లెంలో పేర్చింది. పిల్ల లేవలేదు.

"నాలుగు కిలోలు తక్కువున్నదక్కా," అన్నాడు వాడు, గుడంతా వినబడేలా. "అమ్మకు గూడ తక్కువ తూకమేనా? చేపలనుకున్నవా?"

వరుసలో జనం ఇకిలించారు. సాయవ్వ ముఖం నల్లబడింది.

"ముప్పై ఏండ్ల సంది చేపలమ్ముతున్న తమ్మీ. ఒక్క పరక తక్కువ తూసినవని నన్ను ఎవ్వలనలే."

"నాతోటి లొల్లెందుకు? సగం మొక్కు ముట్టదు. పోయిన జరం మల్ల తిరిగొస్తది. పిల్ల నీది, ఇష్టం నీది."

ఆ మాట విన్న పిల్ల నా పళ్లెంలో వణకడం మొదలుపెట్టింది. ముప్ఫయ్యొక్క కిలోల వణుకు నా గొలుసుల్లోంచి దండె దాకా పాకింది. "అమ్మా, మల్ల సూదులేస్తరా?" అంటోంది. నా ఒంట్లో ఇంత ఇనుముండి ఏం లాభం? ఆ బుచ్చిలింగం కాలి మీద పడటానికి ఒక్క గొలుసైనా తెగలేదు.

సాయవ్వ బెల్లం తిరిగి సంచిలోకి ఎత్తి, పిల్లను దింపింది. వాడు చటుక్కున అమ్మ దిమ్మె నా కుడి పళ్లెంలో పెట్టేశాడు. ఆ చటుక్కును ఆమె చూసింది.

"ఆ దిమ్మె తియ్యి. ఖాళీ తరాజు సూస్త."

గుడంతా భగ్గుమంది. బుచ్చిలింగం నోరు తెరిచే అవసరమే రాలేదు. వరుసలోని వాళ్లే మీదపడ్డారు. "పాపిష్టిదానా, ఊరికి కరువు తెస్తవా?" అని ఒకామె. తలపాగా ముసలాయన కర్ర ఎత్తాడు. "అమ్మ సూస్తది! ఖాళీగ సూడొద్దు అమ్మ!" అందరిచేతా ఎక్కువ బెల్లం కొనిపించిన వాడికి, ఆ కొన్నవాళ్లే కాపలా!

సాయవ్వ గొడవపడలేదు. పిల్లను ఒళ్లో పెట్టుకుని స్తంభానికి ఆనుకుని కూర్చుంది. కాసేపటికి పూజారి ఓదేలు అటు వస్తే అడిగింది:

"అయ్యా, పగటీలి నైవేద్యానికి తెర వేస్తరు గద. తెర ఉన్నప్పుడు అమ్మ బయటికి సూస్తదా?"

"ఎట్ల సూస్తదమ్మా? అమ్మ తింటుంటది."

"పక్కానా?"

"నేను తెర ఏయవట్టి యాభై ఏండ్లాయె. పక్కా."

మధ్యాహ్నం అయింది. ఓదేలు పరమాన్నం గిన్నె లోపల పెట్టి ఎర్ర తెర లాగాడు. సాయవ్వ లేచింది, నాలుగడుగుల్లో నా దగ్గరికి వచ్చింది. బుచ్చిలింగం అడ్డం వచ్చేలోపే అమ్మ దిమ్మెను రెండు చేతులా ఎత్తేసింది.

"అమ్మ సూస్తలేదు. మీరు సూడుండ్రి!"

నేను ఉన్న బలమంతా పెట్టి ఎడమ పళ్లేన్ని నేలకేసి కొట్టాను. ఆ మోతకు గుట్ట కింద ఆగిన బస్సు దానంతటదే స్టార్టయింది. అక్కడ మనిషి లేడు, పువ్వు కూడా లేదు. ఖాళీ పళ్లెం నేల మీద, ఖాళీ పళ్లెం గాల్లో. ఇంతకంటే నిజం ఏ తరాజు చెబుతుంది?

బుచ్చిలింగం పళ్లెం కేసి చూశాడు, దబ్బున మోకాళ్ల మీద పడ్డాడు.

"అమ్మా! పెద్దమ్మా! తినుకుంట తినుకుంట లేసొచ్చి కూసున్నవా తల్లీ!"

జనం ఘొల్లుమన్నారు. దండాలు, కొబ్బరికాయలు, శివాలూగడాలు. తలపాగా ముసలాయన ఏడుస్తూ నా ఎడమ పళ్లేన్ని ముద్దుపెట్టుకున్నాడు. పళ్లెం అడుగు ఎవరూ చూడలేదు. సాయవ్వ ఒక్కతే వంగి తామరపువ్వు వెనక వేళ్లు పెట్టి తడిమింది. బుచ్చిలింగం చెవి దగ్గరికి వచ్చి మెల్లగా అంది:

"నా కాంటకు గూడ గిసొంటిదే కట్టుమన్నడొకడు. వాని ముంగటి పండ్లు రెండు నా గల్లపెట్టెల ఉన్నయి."

తర్వాత గొంతు పెంచింది.

"అమ్మ వచ్చి కూసున్నది, మంచిగున్నది. మరి అమ్మ బరువు నా బిడ్డ మీదెందుకు ఏస్తున్నవు తమ్మీ? అమ్మ లెక్కకు అమ్మ దిమ్మె ఉన్నది గద!"

"అవును గదా," అన్నాడు ఓదేలు. "గా మాట నిజమే." జనమూ అవునన్నారు. బుచ్చిలింగం కాదనడానికి లేదు. కాదంటే అమ్మ లేదనాలి, అమ్మ లేదంటే సీసం ఉందనాలి.

సాయవ్వ అమ్మ దిమ్మెను కుడి పళ్లెంలో పెట్టింది. నేను సమంగా లేచాను. రవళిని ఎడమ పళ్లెంలో కూర్చోబెట్టి, దిమ్మె పక్కనే తన బెల్లం పేర్చింది. చివరి ముక్క పడగానే పిల్ల నేల వదిలి లేచింది, నా ముల్లు నిటారుగా నిలబడింది.

"ముట్టిందా అమ్మా? ఇగ జరం రాదా?"

"ముట్టింది బిడ్డా. పరక గూడ తక్కువ లేదు."

పిల్ల నవ్వింది. ఊయలనుకుని నా మీద రెండుసార్లు ఊగింది కూడా.

ఆ రోజు నుంచి వచ్చిన ప్రతివాళ్లూ అమ్మ దిమ్మె తీయొద్దని పట్టుబట్టారు. నెల తిరక్కుండానే బుచ్చిలింగం కరెంటు కాంటా తెచ్చాడు. దాని అంకెలు వాడి వైపుకే కనబడతాయి. దాని ఆచారాలు దానికి పుడుతున్నాయి. నన్నేమో 'అమ్మ కూర్చున్న తరాజు' అని అద్దాల పెట్టెలో బంధించారు. మీ మీద నాకు కోపం. కళ్లముందు ఖాళీ పళ్లెం నేలకు తగిలితే, వంగి అడుగు చూడటానికి మీకు నడుము వంగలేదు, దండానికి మాత్రం వంగింది. సాయవ్వ మీద కూడా కోపమే. వేళ్లకు తగిలిన సీసాన్ని పీకి గుడి మధ్యలో విసిరేయొచ్చు కదా! కానీ పిల్ల నవ్విన నవ్వు గుర్తొచ్చి ఆ కోపం ఎక్కువసేపు నిలవదు.

ఇప్పటికీ నన్ను ఖాళీగా ఉంచరు. కుడి పళ్లెంలో బెల్లం దిమ్మె పెట్టి తాళం వేశారు. కానీ పెట్టె మూలనున్న సందులోంచి చీమలు దారి కనుక్కున్నాయి. రోజుకింత తింటున్నాయి, రోజుకింత నేను ఎడమకు దిగుతున్నాను. "సూసిండ్రా, అమ్మ దినదినం బరువెక్కుతున్నది," అని బుచ్చిలింగం చెబుతుంటే మీరు చెంపలేసుకుంటున్నారు.

చీమలారా, నా తల్లులారా, మీరైనా తొందరగా కానివ్వండి!