గోడకు ఇటు తీగ, అటు తీగ

నేను ఒక పాత కంప్యూటర్‌ని. హైదరాబాదులో ఎవరో విడిభాగాలు కూర్చి నన్ను తయారుచేశారు. కొన్నేళ్లు ఒక కంపెనీలో చాకిరీ చేశాను. అక్కడ కొత్తవి రాగానే నన్ను ఆదోనిలోని ఒక బడికి దానమిచ్చి, ఫొటో కూడా దిగారు. తమకు అక్కర్లేనిది ఇచ్చేటప్పుడు మనుషుల మొహాలు భలే వెలిగిపోతాయి.

బాలుర బడికీ బాలికల బడికీ మధ్య గోడ ఉంది. ఆ గోడనానుకుని ఉన్న గదిలో నన్ను పెట్టారు. రెండు బడులకూ కలిపి ఒక్కరే కంప్యూటర్ టీచరు, షంషాద్ గారు. ఇటు బడి కంప్యూటర్లది ఒక నెట్‌వర్కు, అటు బడివాటిది మరొకటి. నాకేమో తీగ గుచ్చే చోటు ఒక్కటే. గంట కొట్టినప్పుడల్లా ఒకటి పీకి ఇంకొకటి గుచ్చలేక టీచరు విసిగిపోయి, ఎక్కడో పాడైన మెషీన్‌లోంచి ఇంకో తీగ గుచ్చుకునే కార్డు తీసి నాకు బిగించారు. రెండు తీగలూ ఒకేసారి పెట్టించుకున్న నాడు నా గర్వం అంతా ఇంతా కాదు.

ఆ గర్వం సాయంత్రం దాకా నిలవలేదు. అబ్బాయిల ప్రశ్నపత్రం ప్రింటు కొడితే అమ్మాయిల బడి ప్రింటర్‌లోంచి వచ్చింది. ఇళ్లకున్నట్టే మాకూ నంబర్లుంటాయి. రెండు బడులకూ తీగలు లాగినవాడు ఒక్కడే కావడంతో, రెండుచోట్లా అవే నంబర్లు పెట్టి చేతులు దులుపుకున్నాడు. ఐదో నంబరుకు పంపమంటే ఏ బడి ఐదో నంబరని పంపను?

ఒక బడి తన నంబర్లు మార్చుకుంటే చాలు. కానీ రెండు బడులను నడిపే పెద్దలిద్దరికీ ఆ గోడ దగ్గరే ఎప్పుడో మాట పట్టింపు వచ్చింది.

“ముందు పెట్టించింది మేము. మేమెందుకు మార్చల్ల?” అన్నారు బాలుర బడి రుద్రప్ప సారు.

“మా పక్క పిల్లోల్లు ఎక్కువుండారు. వాల్లనే మార్చుకోమనమ్మా,” అన్నారు బాలికల బడి పద్మలోచని మేడం.

ఇంతలో పై ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఒక్క మెషీన్‌తో రెండు బడులకూ పాఠాలు నడిస్తే సరి, లేదంటే షంషాద్ టీచర్‌ని వేరే ఊరికి పంపేస్తారు. సోమవారమే తనిఖీ. ఆమె ఒక్కరే కూర్చుని కొంగుతో నా మీది దుమ్ము తుడిచారు. నాకు కళ్లుంటే ఏడ్చేదాన్ని.

శుక్రవారం మధ్యాహ్నం రుద్రప్ప సారు వచ్చి తలుపు దగ్గరగా వేశారు. “మావే మార్చెయ్ తల్లీ. నువ్వు పోతే పిల్లోల్ల గతేంగావల్ల? ఆయమ్మకు మాత్రం చెప్పొద్దు.”

ఆయన అలా వెళ్లారో లేదో, పద్మలోచని మేడం వచ్చారు. “మావే మార్చు షంషాద్. ఆ సారుకు తెలియనీయొద్దు.”

టీచరు నవ్వి, నవ్వి, చివరికి కళ్లు తుడుచుకున్నారు. ఇద్దరి మాటా పోకుండా రెండు బడుల నంబర్లూ వేరువేరుగా మార్చేశారు. తనిఖీ గట్టెక్కింది. ఆమె మాతోనే ఉండిపోయారు.

అప్పటినుంచి ఆ పెద్దలిద్దరూ ఒకరినొకరు మొండి పిల్లల్ని చూసినట్టు ముద్దుగా చూసుకుంటున్నారు. ఉగాదికి గోడ అవతలినుంచి ఓళిగలు, అంటే బొబ్బట్లు, వచ్చాయి. ఇవతలినుంచి మామిడికాయలు వెళ్లాయి.

ఈమధ్య కొత్త మెషీన్ వచ్చింది. నన్నెవరు ఉంచుకోవాలని మాట వస్తే, “మీరే ఉంచుకోండి మేడం” అని ఆయన, “వద్దు, మీరే సార్” అని ఆవిడ. అందుకని ఆ గదిలోనే ఓ మూల బల్లమీద ఉన్నాను. ఆ రోజు తగ్గిందెవరో ఎవరైనా అడిగితే బాగుండునని ఉంటుంది నాకు. ఇద్దరూ అడగరు. తామే కదా తగ్గిందని ఎవరికి వారి నమ్మకం.