ట్రక్కుకు చేసిన మోకాలి వైద్యం

మెట్రో హ్రిన్‌చుక్ ఎడమ మోకాలు మడత పడనని మొండికేసింది. శనివారం కర్లింగ్ ఫైనల్, అంటే మంచు మీద బరువైన రాళ్ళను గురి వలయంలోకి జార్చే ఆట. జట్టు నాయకుడిగా చివరి రాయి వదలాల్సింది మెట్రోనే, అదీ మంచు మీద గొంతుక్కూర్చుని. కూర్చోలేకపోతే ఆ పదవి బావమరిది నెస్టర్‌ది. వాడు కేకలేస్తుంటే తను చీపురు పట్టుకుని మంచు రుద్దడమా? అంతకంటే మోకాలు ఊడిపోయినా నయమనిపించింది.

భార్య స్టెఫ్కా కరెంటు పట్టీలు అంటించింది. మోకాలంతా చిమచిమలాడింది. పట్టీలు తీయగానే నొప్పి మళ్ళీ హాజరు. ఇదే సందని నెస్టర్ తను కొన్న కరెంటుతో నడిచే కొత్త మాగ్నెట్ చాప మోసుకొచ్చాడు.

మర్నాడు మెట్రో దానిమీద కాలు చాపాడు. "ఏమీ తెలియట్లేదేంట్రా?"

"తెలియకపోవడమే దీని గొప్ప బావా! అక్క పట్టీలు తోలు గిల్లుతాయంతే. ఇది ఎముకలోకి దిగుతుంది."

"నీ మొహం! నా పట్టీలు పనిచేస్తున్నట్టు కనీసం తెలుస్తుంది," అంది స్టెఫ్కా.

వింతేమిటంటే, చాప ఎక్కినప్పటి నుంచి మోకాలు నిజంగానే లొంగింది. నెస్టర్‌కు ఇక పట్టపగ్గాల్లేవు. ఫైనల్ ముందు సాయంత్రం తనే వచ్చి చాపకు కరెంటు తగిలించి వెళ్ళాడు.

శనివారం పొద్దున ట్రక్కు కదల్లేదు. కెనడాలోని మానిటోబా చలికి ఇంజను గడ్డకట్టుకుపోయింది. తలుపు పక్కన సాకెట్టు ఒక్కటే. శీతాకాలమంతా అందులో ట్రక్కు ఇంజనును వెచ్చగా ఉంచే తీగ ఉంటుంది. దాన్ని పీకి చాప తీగ పెట్టాలి, వైద్యం అయ్యాక మళ్ళీ మార్చాలి. రెండూ నారింజ రంగువే.

"చాప తీగ నిన్న నేనే పెట్టానుగా, ప్లగ్గుకున్న కంపెనీ తొడుగు పీకి మరీ," అన్నాడు తన కారులో తీసుకెళ్ళడానికొచ్చిన నెస్టర్.

"తొడుగు నిన్న పీకావా? అదుంటే ప్లగ్గు దూరదే!" స్టెఫ్కా మొగుడి వైపు తిరిగింది. "ఏవయ్యా, అంటే ఇన్నాళ్ళూ తీసిన ప్లగ్గే మళ్ళీ గుచ్చావన్నమాట! వైద్యం జరిగింది ట్రక్కుకి!"

చలిదేశంలో పుట్టి పెరిగిన చెయ్యి, ట్రక్కు తీగ గుచ్చడమే దాని అలవాటు. మెట్రో గబగబా గొంతుక్కూర్చోబోయాడు. మోకాలు మడత పడలేదు. 

మంచు మైదానం చేరాక, ఇక నాయకుడు తనేనని నెస్టర్ అప్పుడే బూట్లు బిగిస్తున్నాడు. మెట్రో వాడి భుజం పట్టుకున్నాడు.

"ఒరేయ్, ట్రక్కుకి కరెంటు ఎక్కినన్నాళ్ళూ నా కాలు బాగుంది. వెళ్ళి దాని ప్లగ్గు పెట్టిరా."

"మతి పోయిందా బావా?"

"ఆ రోజుల్లో బాగైందని ఊరంతా చాటింది నువ్వే కదరా," అంది స్టెఫ్కా.

నెస్టర్ కారు తాళాలు తీసుకుని బయటికి నడిచాడు.

వాడు వెళ్ళాడన్న ధీమాతో మెట్రో వంగాడు. మోకాలు కిక్కురుమనలేదు. ఆట సాగింది. చివరి రాయి గొంతుక్కూర్చునే వదిలాడు. అది జారుకుంటూ వెళ్ళి గురి వలయానికి సరిగ్గా నడిమధ్యన ఆగింది. జట్టంతా కేకలు.

అప్పుడు ముక్కు ఎర్రబడి వచ్చాడు నెస్టర్.

"పెట్టావా?" మంచు మీద కూర్చునే అడిగాడు మెట్రో.

"ఎక్కడ బావా! నా కారూ చలికి బ్యాటరీ చచ్చి కదల్లేదు. ఇంతసేపూ దానితోనే కుస్తీ."

మోకాలు భగ్గుమంది. మెట్రో లేవలేకపోయాడు. నెస్టర్ చంకల కింద చేతులేసి ఎత్తుతుంటే, స్టెఫ్కా సంచిలోంచి పట్టీలు తీసింది.