గిన్నెడు గంజి దీపం

బీ చూ రోజూ పన్నెండింటికి పని ఆపి, సీసాలో ఉన్న అమ్మ ముందు కూర్చుని అన్నం తినేది. పినాంగ్‌లోని ఆ ప్రయోగశాలలో ప్రతి మెదడు సీసా పక్కనా ఒక చిన్న బల్బు వెలుగుతుంటుంది. తీగలేవీ ఉండవు, ఆ మెదడు సత్తువతోనే వెలుగుతుంది. అందరూ ఆ వెలుతురులోనే పేపర్ చదువుకుంటారు, సూదిలో దారం ఎక్కించుకుంటారు. అమ్మ బల్బుకి మాత్రం మహా పెంకితనం. బీ చూ ఐదు నిమిషాలు ఆలస్యమైతే చాలు, మూడుసార్లు ఆరి వెలిగేది. బతికున్నప్పుడు వంటింటి లైటుతో చేసిందీ అదే. నలభై ఆరేళ్ళొచ్చినా కూతుర్ని ఊరు దాటనివ్వలేదు మహాతల్లి! మెదడు ఇస్తానని సంతకం పెట్టిందీ తనే, కూతురు పనిచేసే చోటికే.

"మీ అమ్మ మెదడు శుక్రవారం ముక్కలుగా కోసెయ్యండక్కా," అంది ప్రొఫెసర్ రోస్నా. "పైన మన ఆలోచించే యంత్రం సగం ఊరి కరెంటు మింగేస్తోంది. మీ అమ్మేమో గిన్నెడు గంజి తాగి, ఎవరికి కారమెంతో, ఎవరికి రొయ్యలు పడవో అన్నీ గుర్తుపెట్టుకుని నలభై మందికి నూడుల్స్ వేయించేది. ఆ ముక్కల పటం తీసి, ఆ కిటుకు యంత్రానికి ఎక్కించాలి నేను."

"కోస్తాను మేడమ్. వచ్చే నెల సింగపూర్‌లో ఉద్యోగం నాకు. ఇక నన్ను పిలిచేవాళ్ళుండరు."

అనైతే అంది గానీ, రెండు రోజులు అన్నం డబ్బా మూత తీయకుండానే ఇంటికి తీసుకెళ్ళింది.

శుక్రవారం గంజి గిన్నె పెట్టి అగరొత్తి వెలిగించింది. కత్తి ఆనించే ముందు "ఇక ఎదురుచూడొద్దు" అని చెప్పడం అక్కడి ఆనవాయితీ. రెండొందల మందికి చెప్పిన మాటే. అమ్మ ముందు మాత్రం, రోజూ గుమ్మం దిగుతూ అనే మాటే వచ్చేసింది.

"ఇప్పుడే వస్తానమ్మా."

చివరి ముక్క తెగేసరికి బల్బు ఆరిపోయింది. బీ చూ వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే, సిగ్గులేకుండా, హాయిగా ఊపిరి పీల్చుకుంది.

ముక్కల పటమంతా యంత్రానికి ఎక్కించిన రోజున పైన ఫ్యాన్ల హోరు ఆగిపోయింది. హాలంతా చీకటి, మధ్యలో యంత్రం పక్కన వెలుగుతూ ఒక్క బల్బు.

"ఈ బల్బంతే తింటోంది కరెంటు! ఇక దీనికి చావే లేదు!" అని గంతులేసింది రోస్నా.

చెప్పిపోదామని పెట్టెతో వచ్చిన బీ చూ గుమ్మంలోనే ఆగింది. పన్నెండు దాటి ఐదు నిమిషాలైంది.

బల్బు మూడుసార్లు ఆరి వెలిగింది.

"అమ్మ పిలుస్తోంది, రండక్కా," అని రోస్నా కుర్చీ లాగింది.

బీ చూ పెట్టె కింద పెట్టింది. చెయ్యి దానంతటదే కత్తి కోసం తడుముకుంది. ఈసారి కోయడానికేమీ లేదు. ప్రయాణానికని కట్టుకున్న అన్నం డబ్బా విప్పి, ఆ వెలుతురులో కూర్చుంది.