మామయ్యకు తగిలిన బంతి

మామయ్య వారమంతా కళ్ళజోళ్ళ కొట్లో అద్దాలు బిగిస్తాడు, ఆదివారాలు ఫుట్‌బాల్ మైదానంలో రిఫరీగా ఈల ఊదుతాడు. ఇక జనం ఊరుకుంటారా? "ముందు నువ్వో జోడు పెట్టుకోవయ్యా!" అన్న జోకు ఏళ్ళ తరబడి వాడి వాడి అరిగిపోయింది. అయినా ఆట మొదలైన కాసేపటికి అందరూ ఆయన సంగతే మరిచిపోయేవారు. అందుకే, ఉన్నా కనపడడని ఆటగాళ్ళు ఆయనకు గాలి మాస్టారని పేరు పెట్టుకున్నారు.

మేనకోడలు ఈ ఏడే లైన్ రిఫరీగా ఆయన పక్కన జెండా పట్టింది. కొత్త మోజులో నారింజ రంగు బూట్లు కొనుక్కొస్తే, మామయ్య వాటిని ఎగాదిగా చూసి నల్ల పాలిష్ డబ్బా చేతిలో పెట్టాడు.

"ఇంటికెళ్ళాక జనానికి ఆట గుర్తుండాలమ్మా. మనం గుర్తున్నామంటే ఎక్కడో తేడా కొట్టినట్టే."

ఇవాళ కప్పు ఫైనల్, ఆయనకదే చివరి ఆట. మోకాళ్ళు మొరాయిస్తున్నాయి మరి. ఏ గొడవా లేకుండా చల్లగా తప్పుకోవాలని ఆయన కోరిక. అది తీరాలని ఆయనకంటే మేనకోడలికే ఎక్కువ ఆరాటం.

ఆఖరి నిమిషం దాకా తీరేలాగే ఉంది. స్కోరు సమానం. సొంత ఊరి జట్టు కుర్రాడు దూరం నుంచి బంతిని బలంగా తన్నాడు. మామయ్య పక్కకి తప్పుకోబోయాడు గానీ మోకాలు మాట వినలేదు. బంతి ఆయన పిక్కను రాసుకుని, దారి మళ్ళి గోల్లో పడింది. మైదానం హోరెత్తిపోయింది.

అవతలి జట్టువాడి కాలికి తగిలి మళ్ళిందనుకున్నారంతా. గీత మీదున్న మేనకోడలు మాత్రం కళ్ళారా చూసింది. రిఫరీకి తగిలి పడిన గోల్ చెల్లదు. జెండా ఎత్తాలి. ఎత్తితే మామయ్య పేరు చివరి రోజున పదిమంది నోళ్ళలో నానుతుంది. ఆమెకు చెయ్యి రాలేదు.

అంతలో ఈల మోగింది. గాలి మాస్టారు మైదానం నడిమధ్యకి నడిచి, వంగి, పిక్క మీద అరచేత్తో చరుచుకున్నాడు.

"నాకు తగిలింది. గోల్ లేదు."

జనం ఒక్కసారిగా లేచారు. తిట్ల వాన కురిసింది, నీళ్ళ సీసాలు వచ్చి పడ్డాయి. ఆయన కదల్లేదు. ఆ మూల నుంచి ఈ మూలదాకా అందరూ చూసేవరకూ చెయ్యి పిక్క మీదే ఉంచి, ఆ తర్వాత తాపీగా బంతి తీసుకుని ఆట మళ్ళీ మొదలుపెట్టించాడు. ఇన్నేళ్ళూ ఎవరి కంటా పడని మనిషి, ఇప్పుడు మైదానమంతా తానే అయి కనిపిస్తున్నాడు. మేనకోడలికి అక్కడికక్కడే దణ్ణం పెట్టాలనిపించింది.

ఊరి జట్టు పెనాల్టీల్లో ఓడిపోయింది. జనం తిట్టుకుంటూ వెళ్ళిపోయాక, రిఫరీల గదిలో మామయ్య బల్ల మీద కూర్చుని బూట్లు విప్పుకుంటున్నాడు.

"బంతి నాకు తగలడం చూశావా?"

"చూశాను మామయ్యా."

"మరి జెండా?"

ఆమె తల దించుకుంది. "నీ చివరి ఆట కదాని... నువ్వే కదా మనం కనపడకూడదన్నావు."

"కనపడకూడదన్నాను తల్లీ," అన్నాడు మామయ్య మెల్లగా, "దాక్కోమన్నానా?"